నదికో లెక్క, ఊరికో మాట

కెనడా ఉత్తరాన, 69 డిగ్రీల అక్షాంశం మీద, విక్టోరియా దీవిలో కేంబ్రిడ్జ్ బే అనే ఊరుంది. జనాభా రెండు వేల లోపే. వారిలో ఎక్కువమంది ఆ నేల ఆదివాసులైన ఇన్యూట్లు. ఆగస్టు వచ్చిందంటే ఆ ఊరి మత్స్యకారులు చుట్టుపక్కల నదుల ఒడ్డున గుడారాలు వేసుకుంటారు. నీళ్లలోకి దిగి, లోహపు గొట్టాలను వరసగా నిలబెట్టి, నదికి అడ్డంగా తడక కడతారు. వేసవంతా సముద్రంలో మేసి బలిసిన ఆర్కిటిక్ చార్ చేపలు నదిలోకి ఎదురెక్కుతూ ఆ తడక దగ్గర ఆగిపోతాయి. కావలసినన్ని తీసుకుని మిగిలినవాటిని ప్రాణంతో పైకి వదిలేస్తారు. పట్టిన చేపను నీటి మీద వాలే చిన్న విమానంలో ఊళ్లోని శుద్ధి కర్మాగారానికి పంపుతారు. ఆ నదికి ఆ ఏడు నిర్ణయించిన కిలోలు నిండితే అక్కడ వేట ఆపేస్తారు.

నేను మత్స్య కళాశాలలో ఏళ్లతరబడి చెప్పిన పాఠం చేపల లెక్క. ఒక నీటిలో ఎంత చేప ఉంది, ఎంత పడితే మళ్లీ అంత పుడుతుంది, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్నదే ఆ పాఠమంతా. సూత్రాలన్నీ బోర్డు మీద రాయడం పూర్తయ్యాక వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడిగేవారు: “సార్, ఇంత కష్టపడి లెక్క తేలుస్తాం సరే, వినేదెవరండీ?” గణితంలో దానికి జవాబు లేదు. లెక్క వేసేచోట, నిర్ణయం తీసుకునేచోట ఆ నీటి మీద బతికే మనుషులు ఉంటేనే జనం ఆ లెక్కను వింటారు. ఈ మాటకు నాకు తెలిసినంతలో బలమైన రుజువులు ధ్రువప్రాంతంలో ఉన్నాయి. ఎక్కడెక్కడో వెతికి తెచ్చి క్లాసులో చెప్పిన ఆ ఉదాహరణలనే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

పులస దారిలో నడిచే చేప

చార్ సాల్మన్ జాతికి దగ్గరి బంధువు. మాంసం నారింజ రంగులో ఉంటుంది, కొవ్వెక్కువ. మన పులస సముద్రం వదిలి గోదావరి ఎక్కినట్టే ఇదీ ఉప్పునీళ్లు వదిలి మంచినీళ్లకు చేరుతుంది. అయితే పులస వచ్చేది గుడ్లు పెట్టడానికి. చార్ ప్రతి ఏటా వచ్చేది ప్రాణం నిలుపుకోవడానికి. ఉప్పునీరు సున్నా డిగ్రీల కన్నా కిందికి చల్లబడినా గడ్డకట్టదు. ఆ చలిలో చార్ ఒంట్లో రక్తం మాత్రం గడ్డకడుతుంది. అందుకని సముద్రంలో దానికి దొరికేది వేసవిలో ఒకటి రెండు నెలలే. ఏడాదికి సరిపడా తిండి అప్పుడే తిని, చలి ముదిరేలోగా మంచు కింద లోతైన చెరువులకు చేరాలి.

ఇంత చలిలో ఒళ్లు పెరగడం చాలా నెమ్మది. గుడ్లు పెట్టే వయసు రావడానికి ఏళ్లు పడుతుంది. వయసొచ్చాక కూడా ప్రతి ఏడూ పెట్టదు, మధ్యలో రెండేసి మూడేసి ఏళ్లు ఆగుతుంది. మన ఉష్ణమండలపు చేపలను ఒక ఏడు ఎక్కువ పట్టినా రెండు మూడు వానాకాలాల్లో కొంత కోలుకుంటాయి. చార్ నదిలో జరిగిన పొరపాటు సర్దుకోవడానికి ఒక తరం పట్టవచ్చు.

కేంబ్రిడ్జ్ బేలో వ్యాపార వేట 1960లో మొదలైంది. మొదట ఊరి పక్కనున్న వాగులో, ఆ తర్వాత ఎకలుక్ నదిలో పట్టారు. ఒకే నది మీద పడడంతో పదేళ్లలోపే చేప సైజు తగ్గింది. అప్పుడు వేటను అనేక నదులకు పంచి, ఒక్కో నదికి ఒక్కో కోటా పెట్టారు. 1990లలో వలల పక్కన తడకలు వచ్చాయి. తడక ఆ నేలకు కొత్తది కాదు. ఇన్యూట్ల పూర్వీకులు నది అడుగున రాళ్లు పేర్చి అడ్డుగోడలు కట్టి, అక్కడ ఆగిన చేపను మూడు మొనల ఈటెతో పొడిచి పట్టేవారు. రాయి స్థానంలో గొట్టం వచ్చింది, ఆలోచన పాతదే. మొప్పలకు చిక్కుకునే వలలో పడ్డ చేప చస్తుంది. తడక దగ్గర ఆగిన చేపను చూడవచ్చు, కొలవవచ్చు, లెక్కపెట్టవచ్చు, వదలనూ వచ్చు. నా లాంటి లెక్కలవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఇటీవలి కాలంలో శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలోనే చేపల ఒంట్లో శబ్దం పంపే చిన్న పరికరాలు అమర్చి వాటి దారులు గమనించారు. ఒక నదిలో పుట్టిన చేప, గుడ్లు పెట్టని ఏడు, వేరే నదిలో చలికాలం గడుపుతుందని తేలింది. అంటే ఒక నది తడక దగ్గర పట్టిన చేపల్లో పొరుగు నదుల పిల్లలూ ఉంటాయి. నదికో కోటా మంచిదే. అయితే ఆ కోటాలు రాసేవారికి నదులన్నీ కలిపి చూసే చూపు ఉండాలి. ఏ ఏడు ఏ నదిలో చేప ఎలా ఎక్కిందో, ఎంత కొవ్వు పట్టి వచ్చిందో ప్రతి ఏటా కళ్లతో చూసేది ఊరివాళ్లే. పరికరం చెప్పే సంగతినీ, ఊరు చెప్పే సంగతినీ ఒకే బల్ల మీద పెట్టుకోవాలి.

బల్ల దగ్గర కుర్చీ

ఆ బల్లను చట్టంతోనే వేయించుకున్నారు ఇన్యూట్లు. 1993 మే 25న కెనడా ప్రభుత్వానికీ ఇన్యూట్లకూ నునావుట్ ఒప్పందం కుదిరింది. 1999 ఏప్రిల్ 1న, కేంబ్రిడ్జ్ బే ఉన్న నునావుట్ ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. ఆ ఒప్పందంలోని అయిదో అధ్యాయం వన్యప్రాణుల గురించి, చేపలూ అందులోనే వస్తాయి. దాని కింద నునావుట్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. తొమ్మిదిమంది సభ్యులు. నలుగురిని ఇన్యూట్ సంస్థలు పంపుతాయి, నలుగురిని ప్రభుత్వాలు పంపుతాయి. అధ్యక్షుడి పేరును ఆ సభ్యులే ప్రతిపాదిస్తారు. ప్రతి ఊళ్లోనూ వేటగాళ్ల సంఘం ఒకటి ఉంటుంది. వేట సంగతులు ఊరి నుంచి బోర్డుకు చేరేది దాని ద్వారానే.

ఈ బోర్డు మొత్తం ఎంత పట్టవచ్చో నిర్ణయిస్తుంది. ఆ మొత్తంలో మొదటి వాటా ఇన్యూట్ ఇళ్ల తిండికి. వ్యాపారం ఆ తర్వాతే. ఇన్యూట్ల వేట మీద పరిమితి పెట్టాలంటే చేపను కాపాడుకోవాల్సిన నిజమైన అవసరం ఉండాలి, ఆ అవసరం మేరకే పెట్టాలి. మంత్రి బోర్డు నిర్ణయాన్ని కాదనవచ్చు గానీ కారణాలు రాతలో చెప్పాలి. అప్పుడు బోర్డు మళ్లీ ఆలోచిస్తుంది. చివరి మాట మంత్రిదే అయినా, నోరు మెదపకుండా కాదనే వీలు లేదు.

ఈ ఏర్పాటు బలం తీరానికి దగ్గరి నీళ్లలో. సుమారు 12 నాటికల్ మైళ్లు దాటి బయటికి వెళితే బోర్డుకు సలహా ఇచ్చే అధికారమే ఉంది. పెద్ద ఓడలు, పెద్ద డబ్బు తిరిగేది ఆ బయటి నీళ్లలోనే. గ్రీన్‌లాండ్‌కూ బాఫిన్ దీవికీ మధ్యనున్న డేవిస్ జలసంధిలో టర్బట్ అనే లోతునీటి చేప దొరుకుతుంది. 1997లో కెనడా మత్స్యశాఖ మంత్రి అక్కడ టర్బట్ కోటా పెంచారు. పెంచవద్దని బోర్డు చెప్పింది. ఇన్యూట్ సంస్థ కోర్టుకు వెళ్లింది. ఆ నీళ్లకు దగ్గరగా ఉండి, వాటి మీద ఆధారపడిన ఊళ్లను ప్రత్యేకంగా పరిగణించాలని ఒప్పందంలోనే రాసి ఉంది. ఆ మాటనూ, బోర్డు సలహానూ పట్టించుకోకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. సలహాను సలహాగానైనా వినాలని న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. ఒప్పందంలో ఆ మాటలు రాసి లేకపోతే కోర్టు చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

తర్వాతి ఏళ్లలో నునావుట్ వాటా పెరుగుతూ వచ్చింది. అక్కడి గ్రీస్ ఫియోర్డ్, రెజల్యూట్, ఆర్కిటిక్ బే, కికిక్తర్జువాక్ అనే నాలుగు ఊళ్లు కలిసి 2008లో ఆర్కిటిక్ ఫిషరీ అలయన్స్ అనే సొంత సంస్థ పెట్టుకున్నాయి. కోటా తీసుకుని పరాయి ఓడకు అద్దెకిచ్చే దశ నుంచి సొంత ఓడ నడిపే దశకు రావడం వారి లక్ష్యం.

మంచు కింద తాడు

టర్బట్ వేట సంగతి చెప్పేటప్పుడు క్లాసులో నిద్రపోయేవాళ్లు కూడా లేచేవారు. బాఫిన్ దీవిలోని పాంగ్నిర్టుంగ్ ఊరి ముందు కంబర్లాండ్ సౌండ్ అనే పెద్ద అఖాతం ఉంది. చలికాలం అది గడ్డకడుతుంది. ఊరివాళ్లు మంచు బళ్ల మీద అఖాతం మధ్యకు వెళ్లి, మంచులో కన్నం తొలిచి, వందల గేలాలు కట్టిన పొడవాటి తాడును వందల మీటర్ల లోతుకు దించుతారు. నిలువునా దించితే గేలాలన్నీ ఒక్కచోట పోగుపడతాయి. అందుకని తాడు చివర ఒక లోహపు పలక కడతారు. నీటి ప్రవాహం ఆ పలకను పక్కకు నెట్టుకుపోతుంది. తాడు దాని వెంట అడుగున పరుచుకుంటుంది. ఈ పద్ధతి గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల నుంచి నేర్చుకుని 1980ల మధ్యలో ఇక్కడ మొదలుపెట్టారు.

కంబర్లాండ్ సౌండ్‌కు విడిగా 500 టన్నుల కోటా ఉంది. బయటి సముద్రపు లెక్కలో దాన్ని కలిపేస్తే పెద్ద ఓడలు అంతా ఊడ్చేస్తాయన్న భయంతో ఊరు పట్టుబట్టి సాధించుకున్న హద్దు అది. ఊరికి ఇది డబ్బు మాత్రమే కాదు. చలికాలంలో, పని దొరకని నెలల్లో, కర్మాగారం నడిచేది ఈ చేపతోనే.

ఈ వేటలో ఇబ్బందులు రెండు. మొదటిది గ్రీన్‌లాండ్ సొరచేప. గేలానికి పడి, మెలికలు తిరిగి తాడంతా చిక్కు చేస్తుంది. అది కనీసం 272 ఏళ్లు బతుకుతుందని 2016లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అంత ఆయుష్షున్న జీవి, అంత ఆలస్యంగా పిల్లల్ని కనే జీవి అనవసరంగా చస్తే ఆ లోటు పూడేది కాదు. ఎలాంటి గేలం, ఎలాంటి తాడు వాడితే అది పడదో తెలుసుకోవడానికి మత్స్యకారులూ పరిశోధకులూ కలిసి పనిచేస్తున్నారు. రెండోది మంచు. 1990ల మధ్య నుంచి అక్కడ మంచు నమ్మదగ్గట్టు లేదు. తుఫానుకు మంచు విరిగి, తాళ్లూ సామానూ కొట్టుకుపోయిన ఏళ్లున్నాయి. కోటా కాగితం మీద 500 టన్నులే ఉంటుంది, మంచు సరిగా కట్టని ఏడు దాంట్లో కొద్ది భాగమే పట్టగలరు. ఎంత పట్టవచ్చన్న లెక్కకు తోడు ఎప్పుడు, ఎక్కడ కాలు పెట్టవచ్చన్న లెక్క కావాలి. ఆ లెక్క తెలిసినవాళ్లు ఆ మంచు మీద పెరిగినవాళ్లే.

మంచు కింద నడిచే తిమింగలం

స్థానికుల మాటను శాస్త్రం పరీక్షించి చూసిన సందర్భాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అలాస్కాది. అది చేప కాదు, తిమింగలం. అయినా పాఠం ఒకటే. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ బోహెడ్ తిమింగలం వేటను పూర్తిగా ఆపమంది. రెండు వేల లోపే మిగిలాయన్నది అప్పటి అంచనా. అలాస్కా ఉత్తర తీరంలోని ఇనుపియాట్ ఆదివాసుల ఊళ్లకు ఆ తిమింగలం తిండి, పండగ, బంధుత్వం అన్నీను. ఆ ఏడే వాళ్లు అలాస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్ పెట్టుకుని, లెక్క తప్పని వాదించారు.

మంచు అంచున నిలబడి, తెరిచిన నీటిపాయలో తేలిన తిమింగలాలను లెక్కపెట్టడం అప్పటి పద్ధతి. పాయ మూసుకుపోతే తిమింగలాలు ఆగిపోతాయన్నది శాస్త్రవేత్తల ఊహ. హ్యారీ బ్రోవర్ అనే పెద్ద వేటగాడు, టామ్ ఆల్బర్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్తకు వేరే సంగతి చెప్పారు. తిమింగలాలు ఆగవు, మంచును తలతో పగలగొట్టి ఊపిరి తీసుకుంటూ మంచు కిందే సాగిపోతాయి, మీ కంటికి దూరంగా కూడా పోతాయి. ఆల్బర్ట్ ఆ మాట నమ్మి పరీక్షకు పెట్టారు. నీళ్లలో మైకులు దించారు. పాయ మూసుకున్న రోజుల్లో కూడా మంచు కింద నుంచి తిమింగలాల గొంతులు వినిపించాయి. పద్ధతి మార్చి లెక్కపెడితే, 2001 నాటికి పది వేలకు పైగా, 2011 నాటికి 16,000కు పైగా ఉన్నాయని తేలింది. మొదటి అంచనా బాగా తక్కువ. ఆ తర్వాత తిమింగలాలు నిజంగా పెరిగాయి కూడా. 1981 నుంచి అమెరికా ప్రభుత్వ సంస్థా, ఆ వేటగాళ్ల కమిషనూ ఒప్పందం మీద కలిసి వేటను నడుపుతున్నాయి. కోటాను ఊళ్ల మధ్య పంచేది, ఉల్లంఘిస్తే మందలించేది ఆ కమిషనే.

దీన్ని నేను ఎప్పుడు చెప్పినా విద్యార్థులకు ఒక జాగ్రత్త చెప్పేవాణ్ణి. స్థానికులు చెప్పారు కాబట్టి నిజమని మనం ఒప్పుకోలేదు. స్థానికులు చెప్పారు కాబట్టి పరీక్షించాం. ఆ మాటకు పరీక్షించదగ్గ విలువ ఇవ్వడమే ఇందులోని పాఠం.

ఊరే చెయ్యి ఆపుకున్నప్పుడు

స్థానికులకు అధికారమిస్తే అంతా పట్టేస్తారన్న అనుమానం ఎక్కడైనా ఉంటుంది. కెనడా పశ్చిమ ఆర్కిటిక్‌లో ఇనువియాలుయిట్లు అనే ఆదివాసులు 1984 జూన్ 5న కుదుర్చుకున్న ఒప్పందం కింద, ఇద్దరు వాళ్లవైపు, ఇద్దరు ప్రభుత్వం వైపు సభ్యులూ ఒక అధ్యక్షుడూ ఉన్న ఉమ్మడి మత్స్య కమిటీ పనిచేస్తోంది. అక్కడి పౌలటుక్ అనే మూడు వందలమంది ఊరి పక్కన హోర్నడే నది ఉంది. 1968 నుంచి 1986 వరకు అక్కడ చార్ వ్యాపార వేట సాగింది. చేప తగ్గడంతో దాన్ని మూసేశారు. తర్వాత ఊరివాళ్లు, కమిటీ, శాస్త్రవేత్తలు కలిసి పని బృందం పెట్టుకున్నారు. 1998 నుంచి అమలైన ప్రణాళికలో ఇళ్ల తిండికి పట్టే చేప మీద కూడా ఏడాదికి 1,700 అని ఊరే స్వచ్ఛందంగా పరిమితి పెట్టుకుంది. పట్టిన చేపను కొలిచి రాసే పని ఊరివాళ్లదే.

ఆ ఇనువియాలుయిట్లే బ్యూఫోర్ట్ సముద్రం విషయంలో ఇంకా పెద్ద నిర్ణయం తీసుకున్నారు. మంచు కరిగి నీళ్లు తెరుచుకుంటే పెద్ద ఓడలు వస్తాయని ముందే ఊహించి, అక్కడి చేపల సంగతి సరిగా తెలిసేదాకా కొత్త వ్యాపార వేటకు అనుమతులు ఇవ్వకూడదని ప్రభుత్వంతో కలిసి ఒప్పుకున్నారు. 2014లో అది పూర్తి స్థాయి విధానంగా వచ్చింది. సరిహద్దుకు అటువైపు అమెరికా తన ఆర్కిటిక్ నీళ్లలో వ్యాపార వేటను 2009లోనే మూసి ఉంచింది.

భాగస్వామ్యం కొరవడితే ఏమవుతుందో నార్వే, ఫిన్లాండ్ సరిహద్దున పారే తేనో నది చూపిస్తుంది. అక్కడి ఆదివాసులైన సామీ జాతివారు తరతరాలుగా సాల్మన్ పట్టిన నది అది. 2017లో రెండు దేశాలూ చేసుకున్న వేట ఒప్పందం తమ మాట వినకుండా చేశారని సామీలు నిరసించారు. సాల్మన్ బాగా తగ్గిపోవడంతో 2021లో సాల్మన్ వేట మొత్తం ఆపేశారు. 2022లో ఫిన్లాండ్ సుప్రీంకోర్టు, తమ సొంత ప్రాంతపు నదుల్లో నిబంధనలకు భిన్నంగా చేపలు పట్టారన్న కేసుల్లో సామీలను నిర్దోషులని తీర్పిచ్చింది. చేప తగ్గిన కాలంలోనే నమ్మకమూ తగ్గింది. కలిసి పనిచేయాల్సినవాళ్లు కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు.

2037 నాటి ప్రశ్న

ఉత్తర ధ్రువం చుట్టూ ఏ దేశానికీ చెందని సముద్రం సుమారు 28 లక్షల చదరపు కిలోమీటర్లుంది. మంచు తగ్గుతున్నకొద్దీ అక్కడికి ఓడలు వెళ్లగలవు. అలాంటి నీళ్లలో ఏం జరుగుతుందో బేరింగ్ సముద్రం ముందే చూపించింది. అమెరికా, రష్యా హద్దుల మధ్య మిగిలిన అంతర్జాతీయ నీటి ముక్కలో 1980ల చివర ఏటా పది లక్షల టన్నులకు పైగా పొలాక్ చేప పట్టారు. 1992 నాటికి అది కుప్పకూలింది. 1994లో ఒప్పందం చేసుకున్నారు గానీ అక్కడి పొలాక్ వేటకు తగ్గట్టు మళ్లీ కోలుకోనేలేదు.

ఆ అనుభవంతో ఈసారి ముందే మేలుకున్నారు. 2018 అక్టోబర్ 3న గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్‌లో తొమ్మిది దేశాలూ, యూరోపియన్ యూనియనూ కలిసి ఈ సముద్రం గురించి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2021 జూన్ 25 నుంచి అది అమలులో ఉంది. మొదటి విడత 16 ఏళ్లు, అంటే 2037 దాకా, శాస్త్రం తేల్చేలోగా అక్కడ వ్యాపార వేట ఉండదు. ఆ చర్చల్లో కొన్ని దేశాల బృందాల్లో ఇన్యూట్ ప్రతినిధులు కూర్చున్నారు. శాస్త్ర పరిశోధనలో ఆదివాసుల, స్థానికుల ఎరుకను చేర్చుకోవాలని ఒప్పందంలోనే రాశారు. ఇది మంచి మొదలు. కానీ ఒక దేశపు బృందంలో కూర్చోవడం వేరు, తమ సొంత పేరుతో ఓటున్న కుర్చీ వేరు. అది ఇంకా రాలేదు.

ఇంటి దగ్గరి చిక్కులూ తక్కువేం కాదు. రేవులు లేక, పట్టిన చేపలో చాలా భాగం ఇన్యూట్ ఊళ్ల ఒడ్డు తాకకుండానే దూరపు రేవులకు పోతుంది. పాంగ్నిర్టుంగ్‌కు చిన్న పడవల రేవు 2013లో గానీ రాలేదు. కొద్దిమంది పనిచేసే ఊరి వేటగాళ్ల సంఘం మీద ప్రతి పరిశోధనా, ప్రతి గని సంస్థా, ప్రతి శాఖా సంప్రదింపుల కాగితాలు కుమ్మరిస్తాయి. మాట అడిగినంత మాత్రాన భాగస్వామ్యం కాదు. ఆ మాట చెప్పగలిగేందుకు జీతమిచ్చే మనిషి కావాలి, పడవ కావాలి, తడక దగ్గర లెక్క రాసే యువకుడికి శిక్షణ కావాలి.

2013 నుంచి ధ్రువప్రాంత దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో మన దేశం పరిశీలక హోదాలో ఉంది. 2008 నుంచి నార్వే ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లో మన హిమాద్రి పరిశోధనా కేంద్రం నడుస్తోంది. ఇలులిసాట్‌లో కుదిరిన ఆ మధ్య ఆర్కిటిక్ చేపల ఒప్పందంలో మనం లేము, కానీ నిజమైన ఆసక్తి ఉన్న దేశాలను పిలిచే వీలు దానిలో ఉంది. ఆ పిలుపు వచ్చిన రోజున అక్కడ మనవాళ్లు ఎవరి పక్కన నిలబడాలో నా మనసులో అనుమానం లేదు. చేపల లెక్క ఏటేటా మారుతుంది, తప్పితే దిద్దుకోవచ్చు. దిద్దాలంటే తప్పును మొదట కనిపెట్టేవాళ్లు బల్ల దగ్గర ఉండాలి, వాళ్లు చెబితే వినక తప్పని చట్టం ఉండాలి. ఆ రెండూ లేకుండా 2037లో ఆ సముద్రాన్ని వేటకు తెరవకూడదు.